డచ్చీకి పెట్టిన తిండి

రెజిమెంటల్ బజార్, సికిందరాబాదు
25 జులై 1948

పూజ్యులైన చిన్నాన్న గారికి,

కాంతమణి వందనాలు. నేనూ మా మామగారూ ప్రాణాలతో ఉన్నాం. బాగున్నామని రాయడానికి చేయి రావడం లేదు. జొన్నల కోసం తెల్లవారుజామునే వరస కట్టాలి. నేను చదువు చెప్పే బడిలో సగం బెంచీలు ఖాళీ. ఉన్నవాళ్లు బెజవాడకో బొంబాయికో వెళ్లిపోయారు. ఉత్తరాలు సరిహద్దులో విప్పి చూస్తున్నారట. చూడనివ్వండి, ఈ ఉత్తరంలో ఉన్నది ఒక కుక్క సంగతే. మీరు మాత్రం నవ్వకండి.

మా మామగారు యేసుదాసు గారు తిరుమలగిరి పటాలంలో ముప్పయ్యేళ్లు వేటకుక్కలకు వండిపెట్టారని మీకు తెలుసు. రెండేళ్ల కిందట మీ అల్లుడు టైఫాయిడ్‌తో పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. పోయిన ఏడు ఒక మేజరు దొరసాని ఇంగ్లండు వెళ్లిపోతూ తన కుక్కను ఆయనకు అప్పగించింది. చెవులు వేలాడే గోధుమరంగు ఆడకుక్క. దాని పేరు డచ్చెస్ అట, మేం డచ్చీ అంటాం. దాంతోపాటు పెద్ద పెట్టె నిండా డబ్బాలు ఇచ్చింది. అవి ఇంగ్లండులో తయారైన కుక్క బిస్కెట్లు. పొద్దునా సాయంత్రం అవే పెట్టాలనీ, బజారు మాంసం తగలనివ్వకూడదనీ కాగితం మీద రాసి ఇచ్చింది.

మామగారు సగం మాటే విన్నారు. "బొక్క కొరకకుంటే దానికి పండ్లెందుకు బిడ్డా" అని, మా గల్లీ చివర ఇమాం వలి దుకాణం నుంచి రోజూ ఒక గిన్నె బొక్కలు, కొవ్వు ముక్కలు తెచ్చి ఉడకబెట్టేవారు. బిస్కెట్లు రోజుకు ఒకటో రెండో ఇచ్చేవారు. ఏడాదిగా కుక్క నిగనిగలాడుతూ ఉంది. ఈ వానాకాలం ఊళ్లనుంచి మేకలు రావడం లేదు. ఇమాం వలి ఇవ్వగలిగింది పిడికెడే. అందుకని బిస్కెట్లు పెంచాం.

పోయిన మంగళవారం డచ్చీ ఉన్నట్టుండి లేచి, వెనక ఎవరో తరుముతున్నట్టు ఇల్లంతా పరుగెత్తింది. కళ్లు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూడలేదు. గోడకు కొట్టుకుంది. కింద పడి నాలుగు కాళ్లూ కొట్టుకుంది, నోట నురుగు వచ్చింది. కాసేపటికి లేచి ఏమీ ఎరగనట్టు నా చీర కుచ్చిళ్ల దగ్గర పడుకుంది. మళ్లీ శనివారం అట్లాగే వచ్చింది.

ఇది పిచ్చా? మీరు పశువుల ఆసుపత్రిలో ఉన్నారు గనక అడుగుతున్నాను. పిచ్చని తేలితే మామగారు ఏమైపోతారో అని నా భయం. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన మనసు విప్పి మాట్లాడేది దానితోనే.

మీ బిడ్డ
కాంతమణి


మద్రాసు
5 ఆగస్టు 1948

చిరంజీవి కాంతమణికి,

చిన్నాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా డాక్టరు గారు జిల్లాల్లో తిరుగుతున్నారు, నెలాఖరుకు గాని రారు. కాబట్టి పద్దెనిమిదేళ్లు కాంపౌండరుగా చూసిన అనుభవంతో నాకు తోచింది రాస్తున్నాను.

పిచ్చి పట్టిన కుక్క మధ్యలో మామూలుగా అయిపోయి నీ కాళ్ల దగ్గర పడుకోదు. ఇది పిచ్చి కాదనుకుంటాను. నా అనుమానం విషం మీద. వీధికుక్కలను చంపడానికి మాంసంలో ముషిణి గింజల పొడి పెడతారు. ఎక్కువైతే అక్కడికక్కడే చస్తుంది. కొద్దికొద్దిగా లోపలికి పోతే ఇట్లాగే కాళ్లు కొట్టుకుంటుంది.

ఆ కసాయి ఎట్లాంటివాడో నాకు తెలియదు. మీ దగ్గర రోజులు బాగా లేవని పేపర్లు చూస్తుంటే తెలుస్తోంది. ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? అతని దుకాణం మాంసం ఇవాళే ఆపెయ్యి. బొక్క కూడా ముట్టనివ్వకు. బిస్కెట్లు మిషను మీద శుభ్రంగా తయారైనవి, వాటికి వంక పెట్టలేం. అవే కడుపునిండా పెట్టు. దొరసాని చెప్పిన మాట మీ మామగారు మొదటినుంచీ వినాల్సింది.

ఇక్కడ మీ పిన్నికి మోకాళ్ల నొప్పులు. నువ్వు బడి మానేసి మద్రాసు వచ్చెయ్యమని ఆమె మాట. నాదీ అదే మాట.

నీ చిన్నాన్న
జ్ఞానశేఖర్


రెజిమెంటల్ బజార్
24 ఆగస్టు 1948

చిన్నాన్న గారికి వందనాలు.

మీ ఉత్తరం పదమూడో తారీఖున అందింది. మామగారికి తెలుగు చదవడం రాదు గనక పైకి చదివి వినిపించాను. 'విషం' అన్నచోట ఆయన తల ఎత్తి నన్ను చూశారు. మాంసం ఆ రోజే ఆపేశాం. డచ్చీకి బిస్కెట్లు తప్ప ఇంకేమీ పెట్టడం లేదు. వాటికి అది బాగా అలవాటు పడింది, డబ్బా మూత చప్పుడైతే చాలు పరుగెత్తుకొస్తుంది.

తగ్గలేదు చిన్నాన్నా. ముందు వారానికి రెండుసార్లు వచ్చేది, ఇప్పుడు రోజుకు మూడుసార్లు వస్తోంది. పద్దెనిమిదో తారీఖున తల గోడకు కొట్టుకుంటుంటే మామగారు పట్టుకోబోయారు. కుడిచేతి బొటనవేలి దగ్గర ఎముక కనిపించేదాకా కరిచేసింది. తరవాత లేచి అదే చేతిని నాకింది. ఆ దృశ్యం నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

కరిచిన వార్త వాడకట్టంతా పాకింది. నలుగురు మగవాళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు. మామగారు కుక్కతో సహా గదిలోకి పోయి గడియ పెట్టుకున్నారు. "దాన్ని కొట్టాలంటే ముందుగాల నన్ను కొట్టుండ్రి" అని లోపల్నుంచి అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వాళ్లు వెళ్లిపోయారు. దవాఖానాలో కడుపులో పద్నాలుగు సూదులు వేయించుకోమన్నారు. రోజూ నడిచి వెళ్లి వేయించుకుంటున్నారు.

ఇమాం వలి కూడా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "ఏం దాసన్నా, వారం సంది గిన్నె వస్తలేదు. డచ్చీ పానం బాగలేదా" అని అడిగాడు. "బాగలేదు భాయి" అని మామగారు లోపలికి వచ్చేశారు. అడగడానికి ఎంత ధైర్యం అనిపించింది నాకు. అతని చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. అది గుమ్మం పక్కన పెట్టిపోయాడు. కాలేయం ముక్క. నేను దాన్ని దూరంగా పారేసి, చేతులు బూడిదతో కడుక్కున్నాను.

త్వరగా రాయండి.

కాంతమణి


మద్రాసు
7 సెప్టెంబరు 1948

చిరంజీవి కాంతమణికి,

ఇది చదవగానే ఆ డబ్బాలు దించి, ఉన్న బిస్కెట్లన్నీ మట్టిలో పాతిపెట్టు. మిగతాది తరవాత చదువు.

డాక్టరు గారు నిన్న వచ్చారు. నీ ఉత్తరాలు చూపించి, మాంసం ఆపించానని కాస్త గర్వంగానే చెప్పాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "బిస్కెట్లు ఏ దేశానివి?" అని అడిగారు. ఇంగ్లండువని చెప్పగానే కుర్చీలోంచి లేచి బీరువాలోంచి ఒక పత్రిక తీశారు. అక్కడ మిల్లుల్లో పిండి తెల్లగా రావడానికి ఒకరకం గ్యాసు పట్టిస్తారట. ఆ పిండితో చేసిన రొట్టె, బిస్కెట్టు కుక్కలకు పెడితే కొన్ని వారాల్లో ఇట్లాగే పరుగులు, ఇట్లాగే మూర్ఛలు. గ్యాసు పట్టించని పిండి తిన్న కుక్కలకు ఏమీ కాలేదు. అక్కడ ఎన్నో కుక్కలను పిచ్చి పట్టిందనుకుని కాల్చేశారట. ఇదంతా పరీక్షలు చేసి తేల్చి రెండేళ్లు కూడా కాలేదు. నువ్వు పెట్టింది విషమే, పెట్టమన్నది నేనే.

కసాయి మాంసంలో ఏ దోషమూ లేదమ్మా. ఏడాదిపాటు దాన్ని కాపాడింది ఆ మాంసమే. దానితో కడుపు నిండేది గనక బిస్కెట్లు తక్కువ తినేది. నేను తొందరపడ్డాను.

ఇకమీదట జొన్న సంకటి గాని రొట్టె గాని మాంసం ఉడికిన నీళ్లలో కలిపి పెట్టు. మాంసం ఎంత దొరికితే అంత. వారానికోసారి కాలేయం ముక్క చాలా మంచిది. బొక్క ఇస్తే పచ్చిదే ఇవ్వాలి, ఉడికిన బొక్క పెళుసై గొంతులో గుచ్చుకుంటుంది. ఇది మీ మామగారికి కూడా చెప్పు. మజ్జిగ పోయవచ్చు. ఉల్లిపాయ, ఉప్పూకారం వద్దు. రెండు మూడు వారాల్లో మూర్ఛలు ఆగిపోతాయి. కరిచి పది రోజులు దాటాక కూడా కుక్క బతికే ఉంటే పిచ్చి భయం కూడా లేదు.

నీ చిన్నాన్న
జ్ఞానశేఖర్


రెజిమెంటల్ బజార్
30 సెప్టెంబరు 1948

చిన్నాన్న గారికి,

ఆగస్టులో నేను రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. పదమూడో తారీఖు నుంచి రైళ్లూ లేవు, టపా కూడా లేదు. ఇప్పుడు తీసుకుంటున్నారని తెలిసి రాస్తున్నాను.

యుద్ధం అయిపోయింది. అయిదు రోజులు తలుపులు వేసుకుని కూర్చున్నాం. పైన విమానాలు తిరిగాయి. పద్దెనిమిదిన మిలిటరీ లారీలు మా బజారులోంచే పోయాయి. జనం పూలు చల్లారు. నేనూ అరుగు మీద నిలబడి చేయి ఊపాను. ఇక అన్నీ సర్దుకుంటాయనుకున్నాను.

మూడోనాడు మధ్యాహ్నం గల్లీ చివర అరుపులు వినిపించాయి. నేను తెలిసినవాళ్లు అనుకునే మనుషులు ఇమాం వలి దుకాణం తలుపులు విరగ్గొట్టారు. "విషం మాంసం అమ్మినోడు వీడే" అని ఒకడు అరిచాడు. "దాసన్న కుక్కకు పెట్టిండు, రేపు మన పిల్లలకు పెడ్తడు" అని ఇంకొకడు. ఇమాం వలిని జుట్టు పట్టి బయటికి లాగారు. మాంసం కొట్టే మొద్దు మీదే అతని తల పెట్టి కొట్టారు. తరవాత రజాకారని చెప్పి పోలీసులకు అప్పగించారు. అతను రజాకార్లతో తిరగడం నేను ఏనాడూ చూడలేదు. అతని భార్య నూర్‌బీ ఇద్దరు ఆడపిల్లలతో ఇంట్లో ఉండి లోపల గడియ వేసుకుంది. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో కూడా తెలియదు.

ఆ విషం మాట మా ఇంట్లోంచే బయటికి పోయింది చిన్నాన్నా.

డచ్చీకి తగ్గింది. ఈ నెల పదో తారీఖుకు డబ్బాలు అయిపోయాయి. జొన్న గటక తప్ప పెట్టడానికి ఏమీ లేదు. మూర్ఛ వచ్చి పదకొండు రోజులైంది. మాంసం ఆపినందుకు ఆలస్యంగానైనా విషం దిగినట్టుంది. మీరు చెప్పిందే నిజమైంది. అది నిజమైతే ఇమాం వలికి తగిన శాస్తి జరిగిందనుకోవాలి. ఎంత ప్రయత్నించినా అట్లా అనుకోలేకపోతున్నాను.

కాంతమణి


మద్రాసు
9 అక్టోబరు 1948

కాంతమణీ,

నా సెప్టెంబరు ఏడో తారీఖు ఉత్తరం నీకు అందలేదని ఇప్పుడే తెలిసింది. అందులో రాసింది మళ్లీ రాస్తున్నాను. కుక్కకు జబ్బు చేసింది ఆ బిస్కెట్ల వల్ల. పిండిని తెల్లగా చేసే గ్యాసు వల్ల. డబ్బాలు అయిపోయాయి గనక మూర్ఛలు ఆగాయి, అంతే. కసాయి మాంసంలో ఏ విషమూ లేదు, ఎన్నడూ లేదు. నా అనుమానం తప్పు. డాక్టరు గారి చేత ఇంగ్లీషులో రాయించి, ఆసుపత్రి ముద్ర వేయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇక ఇది మీ మామగారికి. అక్షరం వదలకుండా చదివి వినిపించు.

యేసుదాసు బావగారూ, మీ చేతులమీద ఎన్ని కుక్కలు పెరిగాయో లెక్కలేదు. ఏది తింటే కుక్క ఎట్లా ఉంటుందో మీకు తెలిసినంత నాకు తెలియదు. నేను దూరాన కూర్చుని ఏదో అనుమానం రాశాను. అది ఇంట్లో మాట. రోజూ మీ కుక్కకు తిండి పెట్టిన మనిషి మీద ఆ నింద వీధిలో వేయడానికి మీకు నోరెట్లా వచ్చింది? అతని తల పగలగొట్టిన చేతుల్లో మీ చేయి కూడా ఉంది. ఆదివారం ప్రార్థనకు గుడికి ఏ ముఖంతో పోతున్నారు? స్టేషనుకు వెళ్లి అది అబద్ధమని చెప్పండి. చెప్పకపోతే నా దృష్టిలో మీరు మనిషి కింద లెక్క కాదు.

జ్ఞానశేఖర్


రెజిమెంటల్ బజార్
14 నవంబరు 1948

చిన్నాన్న గారికి,

మీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు, అక్టోబరు పందొమ్మిదిన వచ్చాయి. ముందు సెప్టెంబరుది చదివాను. మామగారికీ చదివి వినిపించాను. ఆయన రెండోది కూడా చదవమన్నారు. మీరు చెప్పినట్టే అక్షరం వదలకుండా చదివాను. ఆయన డచ్చీ వీపు మీద చేయి పెట్టుకుని చివరిదాకా విన్నారు. "మంచిగ రాసిండు మీ చిన్నాయన" అన్నారు. లేచి పటాలం నాటి ఖాకీ కోటు తొడుక్కున్నారు.

స్టేషనుకు పదిహేను రోజులు తిరిగారు. మొదటి రోజు కుక్క బిస్కెట్ల కథ విని అక్కడివాళ్లు నవ్వారట. మర్నాడు ఖాళీ డబ్బా, డచ్చీ రెండింటినీ వెంట తీసుకుని పోయారు. డాక్టరు గారి కాగితం చూపించారు. "విషం అన్నది నేనే సాబ్, నాదే తప్పు. వలి భాయి ఏ జెండా పట్టుకోలే. నా ఏలిముద్ర తీసుకోండ్రి" అని ఎవరు కనిపిస్తే వాళ్లకు చెప్పారు. చివరికి ఒక అధికారి కాగితం మీద రాయించుకున్నాడు. ఈ నెల నాలుగున ఇమాం వలిని వదిలేశారు. మామగారు వాళ్లింటికి పోయి అతని మంచం పక్కన నేలమీద కూర్చుని అదే మాట చెప్పి ఏడ్చారట.

చిన్నాన్నా, మీరు తిట్టాల్సింది ఆయనను కాదు. నన్ను.

ఆగస్టు పద్నాలుగున బడికి పోయేముందు నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడ్డాను. మీ కుక్కకు ఏమైందని ఆడవాళ్లు అడిగారు. మీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. తీసి విషం గురించి రాసిన ఆ నాలుగు వాక్యాలు పైకి చదివాను. మద్రాసులో పెద్ద ఆసుపత్రి వాళ్లు రాశారని చెప్పాను. టీచరమ్మ చదివి చెప్పిందంటే ఎవరు కాదంటారు? ముందురోజే మామగారు నాతో, "ఇమాం వలి గసోంటోడు కాదు బిడ్డా, ఈ మాట గడప దాటనియ్యకు" అన్నారు. విని కూడా చదివాను. ఎందుకు చదివానో నిజంగా చెబుతున్నాను. అందరూ నన్నే చూస్తుంటే, నా మాటే వింటుంటే బాగుందనిపించింది. అంతకుమించి ఏమీ లేదు.

మీ ఉత్తరం చదవడం ముగించాక ఆ సంగతి మామగారికి చెప్పబోయాను. ఆయనకు ముందే తెలుసు. "ఊకో బిడ్డా. నువ్వు బడిల పిల్లలకు సదువు చెప్పాలె. నేను ముసలోన్ని, నన్ను ఏమన్న అననీ" అన్నారు. నేను ఊరుకున్నాను. ఇరవై రోజులు పైన ఊరుకున్నాను. ఆయన పోలీసుల ముందు చేతులు జోడిస్తుంటే నేను బడిలో ఎక్కాలు చెప్పించాను.

నిన్న బడి నుంచి ఇంటికి రాకుండా నేరుగా నూర్‌బీ ఇంటికి పోయాను. ఆమె చేటలో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"నాకెర్కనే టీచరమ్మా. ఆ దినం వరుసల నీ ఎనకనే ఉన్న. నువ్వు చదివింది మొత్తం విన్న" అంది.

"మరి ఎవరితోనూ చెప్పలేదేం?" అని అడిగాను.

"చెప్తె ఎవరింటరు? ఇంటికొచ్చి ఈయనకు కూడ చెప్పలే. దాసన్నోళ్ల మీద కోపం పెట్టుకుంటడని చెప్పలే. మొన్న ముసలాయన వచ్చి నేనే అన్న అని ఏడుస్తుంటె నీ పేరు నోటిదాంక వచ్చింది. ఆయన మొకం చూసి మింగిన." ఆమె ఇంకో రాయి ఏరి పక్కన పడేసింది. "నాకు చెప్తె ఏం ఫాయిదా? లోపల ఉన్నడు. పోయి ఆయనకు చెప్పు."

లోపల ఇమాం వలి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం తెల్లబడింది. పెద్ద పెద్ద మేక తొడలను ఒక్క దెబ్బకు కొట్టే ఆ చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. నేను అతని కుడిపక్కన కూర్చుని, తల దించుకుని మెల్లగా చెప్పాను. నల్లా దగ్గర చదివింది నేనని, మా మామగారు కాదని, మన్నించమని చెప్పాను. ఎట్లా చెప్పగలిగానో నాకే తెలియదు. చెప్పడం అయ్యాక తల ఎత్తి చూస్తే అతను నన్ను వింతగా చూస్తున్నాడు.

"ఆ దెబ్బలకు ఈ చెవు పోయింది బేటీ" అన్నాడు. "నువ్వన్నది ఒక్కటి సుత వినవడలే. జెర ఇటు దిక్కొచ్చి, గట్టిగ చెప్పు."

లేచి అటుపక్కకు పోయాను. తలుపు తెరిచే ఉంది, గల్లీలో మనుషులు పోతున్నారు. గట్టిగా మళ్లీ మొదటినుంచీ చెప్పాను.

కాంతమణి